గుండెలో కరెంటు, గుండె పంపింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక చేతిలో ఈసీజీ కాగితం, ఇంకో చేతిలో ఎకో (గుండె కదలికను చూపే స్కాన్) రిపోర్టు పట్టుకుని అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ అవే. చాలామంది తికమకపడేది కూడా ఒకే చోట. గుండెలో కరెంటు నడవడం ఒక పని. ఆ కరెంటు అందుకుని కండరం ముడుచుకుని రక్తాన్ని తోయడం ఇంకో పని. ఈ రెంటినీ విడివిడిగా చూడటం వస్తే రిపోర్టులో మాటలు అర్థమవుతాయి, అక్కర్లేని టెన్షన్ పోతుంది, పరిగెత్తాల్సిన చోట ఆలస్యం జరగదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టి చదువుకోవచ్చు. మందుల మార్పు మాత్రం మీ డాక్టరు చెప్పాకే.

## మొదటి సందేహాలు: కరెంటు ఎక్కడిది?

గుండెకు కరెంటు మెదడు నుంచి వస్తుందా?

రాదు. గుండె తన కరెంటును తానే పుట్టించుకుంటుంది. గుండె కుడి పై గదిలో, పైనుంచి వచ్చే పెద్ద సిర కలిసే చోట ఎస్ఏ నోడ్ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. మామూలు గుండె కండర కణం తన దాకా కరెంటు వచ్చేవరకు ఊరికే ఉంటుంది. ఎస్ఏ నోడ్ కణం అలా ఉండలేదు. ఒక దెబ్బ అయిపోగానే సోడియం, ఆ తర్వాత క్యాల్షియం కొంచెం కొంచెంగా లోపలికి చేరుతూ, ఒక హద్దు దాటగానే దానంతట అదే కరెంటు విడుదల చేస్తుంది. తర్వాత పొటాషియం బయటికి వెళ్ళి కణం మళ్ళీ మొదటి స్థితికి వస్తుంది. వెంటనే ఇంకో దెబ్బకు తయారీ మొదలు.

మెదడు చేసేది వేగాన్ని సర్దడం. వేగస్ అనే నరం నెమ్మదింపజేస్తుంది, భయంలో, పరుగులో పనిచేసే నరాలూ అడ్రినలిన్ కలిసి వేగం పెంచుతాయి. గుండె మార్పిడి చేయించుకున్నవాళ్ళలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. నరాలన్నీ తెగిపోయినా కొత్త గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. అదుపు చేసే వేగస్ లేదు కాబట్టి కూర్చుని ఉన్నా నిమిషానికి 90 నుంచి 110 దాకా కొడుతుంది.

శరీరం నుంచి బయటికి తీసినా గుండె కొట్టుకుంటుందంటారు. నిజమేనా?

నిజమే, కొంతసేపు కొట్టుకుంటుంది. అయితే చుట్టూ సరైన లవణాలున్న ద్రవం ఉండాలి. 1880లలో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను ఉప్పునీటి ద్రావణంలో ఉంచి గమనించేవాడు. గుండె చక్కగా కొట్టుకునేది. తర్వాత తెలిసిన సంగతేమిటంటే, ఆ ద్రావణాన్ని శుద్ధిచేసిన నీళ్ళతో కాకుండా మామూలు కుళాయి నీళ్ళతో కలిపారు. శుద్ధమైన నీళ్ళతో కలిపి చూస్తే గుండె బలహీనపడి ఆగిపోయింది. కుళాయి నీళ్ళలో ఉన్న కాస్త క్యాల్షియమే తేడా! క్యాల్షియం లేకపోతే గుండె కండరం ముడుచుకోలేదన్న సంగతి అలా బయటపడింది. మన ఆసుపత్రుల్లో ఎక్కించే ఆర్‌ఎల్ సెలైన్‌ బాటిల్‌లో మొదటి అక్షరం ఈ రింగర్‌దే.

కరెంటు గుండెలో ఏ దారిన వెళ్తుంది?

ఎస్ఏ నోడ్‌లో పుట్టి ముందు రెండు పై గదులకు పాకుతుంది. పై గదులకూ కింది గదులకూ మధ్య కరెంటు దాటలేని పీచు కణజాలం అడ్డంగా ఉంటుంది. దాటడానికి మామూలుగా ఉన్న దారి ఒక్కటే: ఏవీ నోడ్. అక్కడ కరెంటు బాగా నెమ్మదించి, సుమారు సెకనులో పదో వంతు ఆలస్యంగా కిందికి దిగుతుంది. ఈ ఆలస్యం లోపం కాదు, చాలా అవసరం. పై గదులు తమ రక్తాన్ని కింది గదుల్లోకి పూర్తిగా తోసేందుకు ఆ సమయం కావాలి.

ఏవీ నోడ్ దాటాక హిస్ కట్ట, దాని కుడి ఎడమ శాఖలు, చివరికి పుర్కింజీ పోగులు. ఇక్కడ కరెంటు సెకనుకు 2 నుంచి 4 మీటర్ల వేగంతో పరిగెడుతుంది కాబట్టి రెండు కింది గదులూ దాదాపు ఒకేసారి అందుకుంటాయి. ముడుచుకోవడం గుండె కింది కొన వైపు నుంచి మొదలై పైకి సాగుతుంది, ఎందుకంటే రక్తం బయటికి వెళ్ళే ద్వారాలు పైన ఉన్నాయి.

ఈ దారిని మనుషులు అంచెలంచెలుగా కనుగొన్నారు, అదీ చివరి నుంచి మొదటికి. పుర్కింజీ పోగులు 1839లో, హిస్ కట్ట 1893లో, ఏవీ నోడ్ 1906లో, అన్నిటికీ మూలమైన ఎస్ఏ నోడ్ 1907లో తెలిశాయి. ఏవీ నోడ్‌ను వివరించిన సునావో తవారా జపాన్ నుంచి జర్మనీకి వెళ్ళి పనిచేసిన యువ వైద్యుడు. పొర పొరగా కోసిన గుండె ముక్కలను మైక్రోస్కోపు కింద చూస్తూ ఈ దారి మొత్తాన్ని గుర్తించాడు. ఆయన పేరు ఇంకా ఎక్కువమందికి తెలియాలి.

ఎస్ఏ నోడ్ పనిచేయకపోతే గుండె వెంటనే ఆగిపోతుందా?

చాలాసార్లు ఆగదు. ఎస్ఏ నోడ్ మామూలుగా నిమిషానికి 60 నుంచి 100 సార్లు కరెంటు పుట్టిస్తుంది. అది మూగబోతే ఏవీ నోడ్ ప్రాంతం 40 నుంచి 60 వేగంతో బాధ్యత తీసుకుంటుంది. అదీ లేకపోతే కింది గదుల్లోని పోగులు 20 నుంచి 40తో నెట్టుకొస్తాయి. ఈ ఆఖరి వేగం ప్రాణం నిలుపుతుంది గానీ మెదడుకు చాలినంత రక్తం ఇవ్వలేకపోవచ్చు. అందుకే అలాంటి పేషెంట్లు నిలబడి ఉన్నవాళ్ళు ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోతుంటారు.

నా పల్స్ 52 ఉంది. భయపడాలా?

బాగా వ్యాయామం చేసేవాళ్ళకు, నిద్రలో ఉన్నవాళ్ళకు 50, ఇంకా తక్కువ ఉండటం మామూలే. మెటోప్రొలాల్, డిల్టియాజెమ్ వంటి మందులు వాడేవాళ్ళలో కూడా తగ్గుతుంది. అంకె కంటే ముఖ్యం మీరు ఎలా ఉన్నారన్నది. కళ్ళు తిరగడం, పడిపోవడం, చిన్న పనికే ఆయాసం, విపరీతమైన నీరసం ఉంటే ఆ రోజే ఈసీజీ తీయించుకోవాలి.

ఊపిరి పీల్చినప్పుడు నాడి వేగం పెరుగుతోంది. ఇది జబ్బా?

జబ్బు కాదు. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మూడు వేళ్ళు ఆనించి మెల్లగా గాలి పీల్చండి, మెల్లగా వదలండి. పీల్చేటప్పుడు దెబ్బలు దగ్గర దగ్గరగా, వదిలేటప్పుడు దూరం దూరంగా తగులుతాయి. పిల్లల్లో, యువకుల్లో ఇది బాగా తెలుస్తుంది.

## పంపింగ్ సంగతి

కరెంటు తగలగానే కండరం ఎలా ముడుచుకుంటుంది?

కరెంటుకూ కదలికకూ మధ్య వారధి క్యాల్షియం. కరెంటు వచ్చినప్పుడు కణంలోకి కొద్దిగా క్యాల్షియం ప్రవేశిస్తుంది. అది కణం లోపలి నిల్వల తలుపు తెరిపించి ఇంకా ఎక్కువ క్యాల్షియాన్ని వదిలిస్తుంది. అప్పుడు ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు ఒకదాని మీదుగా ఒకటి జారి కణం పొట్టిదవుతుంది. క్యాల్షియం తిరిగి నిల్వలోకి వెళ్ళగానే కండరం వదులవుతుంది. వదులవడానికీ శక్తి కావాలి, అది ఊరికే జరిగిపోయే పని కాదు.

ఇంకొక విషయం. పిక్క పట్టేసినట్టు గుండె పట్టేయదు. గుండె కణంలో ఒక్కో కరెంటు సుమారు 0.2 నుంచి 0.3 సెకన్లు నిలుస్తుంది, అంతసేపూ దాదాపుగా ఇంకో కరెంటును తీసుకోదు. అందుకే ప్రతి ముడుపు తర్వాత వదులవడం తప్పనిసరి.

ఒక్క దెబ్బలో లోపల ఏమేం జరుగుతుంది?

నిమిషానికి 75 సార్లు కొట్టే గుండెకు ఒక్కో దెబ్బకు 0.8 సెకన్లు. అందులో ఎక్కువ భాగం, సుమారు అర సెకను, కింది గదులు వదులుగా ఉండి నిండుతుంటాయి. పై గదుల నుంచి చాలా రక్తం దానంతట అదే కిందికి జారుతుంది. చివర్లో పై గదులు ముడుచుకుని మిగిలిన రక్తాన్ని తోస్తాయి.

తర్వాత కరెంటు కింది గదులకు చేరుతుంది. లోపల ఒత్తిడి పెరగగానే పై గదుల వైపు కవాటాలు, అంటే మైట్రల్, ట్రైకస్పిడ్ మూసుకుంటాయి. స్టెతస్కోపులో వినిపించే 'లబ్' అదే. ఒక్క క్షణం నాలుగు కవాటాలూ మూసే ఉంటాయి, ఒత్తిడి మాత్రం పెరుగుతుంటుంది. అది బృహద్ధమని ఒత్తిడిని దాటగానే బయటి కవాటం తెరుచుకుని రక్తం ఎగదన్నుతుంది. ఎడమ గది నేరుగా నొక్కుకుపోదు, తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతూ ముడుచుకుంటుంది. పని అయ్యాక బయటి కవాటాలు మూసుకున్న చప్పుడే 'డబ్'.

ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు. నిమిషానికి 5 లీటర్లు. ఒంట్లో ఉన్న రక్తం కూడా దాదాపు అంతే, కాబట్టి ఊరికే కూర్చున్నా మొత్తం రక్తం నిమిషానికి ఒకసారి చుట్టి వస్తున్నట్టు లెక్క.

గుండెకు ఎడమవైపే ఎందుకంత ప్రాధాన్యం?

మటన్ కొట్టులో మేక గుండెను అడ్డంగా కోయించి చూడండి. ఒక గది గోడ దళసరిగా, గట్టిగా ఉంటుంది. దాన్ని అంటుకుని ఇంకో గది గోడ పల్చగా వంగుతూ ఉంటుంది. దళసరిది ఎడమది. మనిషి గుండెలో ఎడమ గోడ సుమారు ఒక సెంటీమీటరు, కుడి గోడ మూడు నాలుగు మిల్లీమీటర్లు. కుడి గది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు, ఒత్తిడి 25 (బీపీ కొలిచే అంకెల్లోనే) సరిపోతుంది. ఎడమది తల నుంచి కాళ్ళ దాకా పంపాలి, 120 కావాలి. అయితే రెండూ పంపే రక్తం పరిమాణం సమానమే. కుడి ఎక్కువ పంపి ఎడమ తక్కువ తోస్తే ఆ తేడా ఊపిరితిత్తుల్లో నిలిచిపోయి ఆయాసం వస్తుంది.

తిరుమల మెట్లు ఎక్కేటప్పుడు గుండె అంత రక్తం ఎలా పంపగలుగుతుంది?

ముఖ్యంగా వేగం పెంచుకుని, కొంత ఒక్కో దెబ్బకు పంపే రక్తం పెంచుకుని. కాళ్ళ కండరాలు కదులుతూ సిరలను నొక్కినప్పుడు గుండెకు తిరిగి వచ్చే రక్తం పెరుగుతుంది. ఎక్కువ నిండి సాగిన గది ఎక్కువ బలంగా ముడుచుకుంటుంది. దీన్ని ఫ్రాంక్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల పేర్లతో చెబుతారు. ఆరోగ్యవంతుడు గట్టిగా శ్రమిస్తే 5 లీటర్లు 20 లీటర్లు దాటుతాయి.

గుండెకు విశ్రాంతి ఎప్పుడు?

దెబ్బకూ దెబ్బకూ మధ్య. ఎడమ గది కండరానికి రక్తం ఎక్కువగా అందేది కూడా అప్పుడే, ఎందుకంటే ముడుచుకున్నప్పుడు దాని లోపలి రక్తనాళాలు నొక్కుకుపోతాయి. గుండె మరీ వేగంగా కొడితే తగ్గేది ముఖ్యంగా ఈ విరామమే. 180తో కొట్టే గుండె నిండటానికీ, తనకు తాను రక్తం తెచ్చుకోవడానికీ రెండిటికీ ఇబ్బంది పడుతుంది.

## పరీక్షలు, రిపోర్టులు

ఈసీజీ కాగితం మీద గీతలు ఏం చెబుతాయి?

కరెంటు ఎప్పుడు, ఎటు వెళ్ళిందో చెబుతాయి. కాగితాన్ని దగ్గరగా చూస్తే చిన్న గళ్ళు, ఐదేసి గళ్ళకు ఒక ముదురు గీత కనిపిస్తాయి. మామూలు వేగంతో తీస్తే చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.2 సెకను. మొదటి చిన్న గుబ్బ పీ, అంటే కరెంటు పై గదుల్లో పాకడం. తర్వాత కాస్త సమతలం, ఏవీ నోడ్ దగ్గరి ఆలస్యం ఎక్కువగా ఇక్కడే. ఆపైన నిటారు శిఖరం క్యూఆర్ఎస్, కింది గదులకు కరెంటు అందడం. చివరి గుండ్రటి గుబ్బ టీ, కింది గదులు మళ్ళీ సిద్ధమవడం.

రెండు శిఖరాల మధ్య పెద్ద గళ్ళు లెక్కపెట్టి 300ను ఆ అంకెతో భాగించండి. నాలుగు గళ్ళుంటే వేగం 75. నాడి క్రమంగా ఉన్నప్పుడే ఈ లెక్క కుదురుతుంది. ఈ అక్షరాలు పెట్టిన విల్లెం ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈసీజీ తీసేటప్పుడు షాక్ కొడుతుందా?

కొట్టదు. ఆ వైర్లు కరెంటు ఇవ్వవు, మీ గుండె కరెంటు చర్మం దాకా వచ్చిన కొద్దిపాటి జాడను అందుకుంటాయి, అంతే. గర్భిణులకూ పసిపిల్లలకూ నిశ్చింతగా తీయవచ్చు.

ఈసీజీ నార్మల్ వచ్చింది. ఇక గుండెకు ఏమీ లేనట్టేనా?

అలా అనుకోవద్దు. ఆ పది సెకన్లలో కరెంటు ఎలా ఉందో మాత్రమే అది చూపిస్తుంది. గుండెపోటు మొదలైన తొలి గంటల్లో కూడా ఈసీజీ మామూలుగా కనిపించవచ్చు. ఛాతీ నొప్పి సాగుతుంటే మళ్ళీ మళ్ళీ ఈసీజీ, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు. "ఒకసారి తీశారు, బాగుందన్నారు, గ్యాసే అయ్యుంటుంది" అని ఇంటికి వచ్చేసి నొప్పి భరిస్తూ కూర్చోవడం ప్రమాదం.

ఎకోలో పంపింగ్ 60 శాతం అని రాశారు. అంటే 40 శాతం పాడైందా?

కాదు, 60 అంటే చక్కటి గుండె. ఇంత చిన్న అంకె ఇన్ని ఇళ్ళలో ఇంత దిగులు పెడుతుంటే బాధగా ఉంటుంది. ఈ పంపింగ్ శాతాన్నే ఈఎఫ్ అంటారు. అంటే, నిండిన రక్తంలో ఒక్క దెబ్బకు బయటికి వెళ్ళిన వంతు. ఎడమ గది 120 మిల్లీలీటర్లు నిండి 70 పంపితే ఈఎఫ్ 58. ఏ గుండే పూర్తిగా ఖాళీ కాదు, కాకూడదు కూడా. సుమారు 55 నుంచి 70 మామూలు. 40, అంతకన్నా తక్కువ ఉంటే పంపింగ్ నిజంగా తగ్గినట్టు. అప్పుడు కూడా మంచి మందులున్నాయి, చాలామందిలో అంకె పెరుగుతుంది. ఒకసారి 35, ఇంకోసారి 38 అని వస్తే పెద్దగా మారిందని అనుకోవద్దు, కొలతలో ఆమాత్రం తేడా వస్తుంది.

పంపింగ్ బాగానే ఉందన్నారు, మరి ఆయాసం ఎందుకు?

ముడుచుకోవడం బాగుండి వదులవడం బాగుండకపోవచ్చు. ఏళ్ళ తరబడి బీపీ, షుగర్ ఉన్నవాళ్ళలో, పెద్దవయసులో గోడ బిగుసుకుపోతుంది. గది సరిగ్గా నిండదు, వెనక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఈఎఫ్ 60 ఉన్నా ఇది గుండె వైఫల్యమే. రక్తహీనత, ఊపిరితిత్తుల జబ్బు కూడా చూడాలి.

## తేడా వచ్చినప్పుడు

మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టు, తర్వాత గుండె ఎగిరినట్టు అనిపిస్తుంది. ఏమిటది?

ఎక్కువసార్లు అది తప్పిన దెబ్బ కాదు, తొందరపడి వచ్చిన దెబ్బ. ఎస్ఏ నోడ్ వంతు రాకముందే ఇంకెక్కడో కరెంటు పుడుతుంది. అప్పటికి గది నిండలేదు కాబట్టి ఆ దెబ్బ నాడికి అందదు. తర్వాత కొంచెం ఎక్కువ విరామం వచ్చి, గది బాగా నిండి, వచ్చే దెబ్బ గట్టిగా తెలుస్తుంది. నిద్ర చాలనప్పుడు, టెన్షన్‌లో, కాఫీ ఎక్కువైనప్పుడు ఆరోగ్యవంతులకూ వస్తుంది. స్పృహ తప్పినా, పరిగెడుతుంటే పెరిగినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయినా తప్పక చూపించుకోండి.

గుండెపోటు, గుండె ఆగిపోవడం ఒకటే కదా?

రెండూ వేరు, ఈ తేడా ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. గుండెపోటు రక్తనాళం మూసుకుపోవడం. మనిషి సాధారణంగా స్పృహలోనే ఉంటాడు, నొప్పి, చెమటలు ఉంటాయి, గుండె కొడుతూనే ఉంటుంది. గుండె ఆగిపోవడంలో తరచుగా జరిగేది కరెంటు గందరగోళం. కింది గదుల్లో కరెంటు అడ్డదిడ్డంగా తిరిగి కండరం వణుకుతుంది, పంపింగ్ సున్నా. మనిషి సెకన్లలో కుప్పకూలతాడు. గుండెపోటు దీనికి దారి తీయవచ్చు.

కుప్పకూలిన మనిషి పలకకుండా, ఊపిరి లేకుండా ఉన్నా, ఊపిరి ఎగశ్వాసలా మాత్రమే వస్తున్నా వెంటనే 108కి ఫోన్ చేయించండి. ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఉంచి 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి, ప్రతిసారీ పూర్తిగా వదలండి. నీళ్ళు తాగించడం, ఉల్లిపాయ వాసన చూపించడం వంటివాటితో ఒక్క నిమిషం కూడా పోగొట్టవద్దు.

సినిమాల్లో గీత సాఫీగా అయ్యాక షాక్ ఇస్తారు. అది పనిచేస్తుందా?

చేయదు. షాక్ పని గందరగోళ కరెంటును ఒక్కసారిగా ఆపి ఎస్ఏ నోడ్‌కు మళ్ళీ అవకాశం ఇవ్వడం. గీత సాఫీగా ఉంటే ఆపడానికి కరెంటే లేదు. అప్పుడు ఛాతీ నొక్కడం, అడ్రినలిన్, కారణం వెతకడమే దారి.

నాడి ఒక వరస లేకుండా కొడుతోంది, రక్తం పల్చబడే మందు ఇచ్చారు. ఎందుకు?

అది ఏఎఫ్ (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) కావచ్చు. పై గదులు ముడుచుకోకుండా వణుకుతుంటాయి. రక్తం మూలల్లో నిలిచి గడ్డ కట్టి, ఆ గడ్డ మెదడుకు వెళ్తే పక్షవాతం. మందు ఆ గడ్డ కట్టకుండా ఆపడానికి. నాడి బాగుందని సొంతంగా మానేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

ఈసీజీలో ఎల్బీబీబీ అని రాశారు. రక్తనాళం మూసుకుపోయిందా?

ఇక్కడ అడ్డు కరెంటు దారిలో, హిస్ కట్ట ఎడమ శాఖలో. కుడి గది ముందు, ఎడమ గది ఆలస్యంగా కదులుతాయి. కొందరికి ఏ ఇబ్బందీ ఉండదు. పంపింగ్ కూడా తగ్గినవాళ్ళకు రెండు గదులనూ కలిపి నడిపే సీఆర్‌టీ పరికరం మేలు చేస్తుంది. కారణం తెలుసుకోవడానికి ఎకో తప్పనిసరి.

కిడ్నీ పేషెంటుకు కొబ్బరి నీళ్ళు వద్దంటారు. గుండెకేం సంబంధం?

కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ. మంచి కిడ్నీలు దాన్ని బయటికి పంపేస్తాయి, పాడైనవి పంపలేవు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె కణాల కరెంటు మందగించి, చెప్పాపెట్టకుండా గుండె ఆగిపోవచ్చు. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు ప్రేమతో బోండాం కొట్టి ఇచ్చే ముందు డాక్టరును అడగండి.

## పేస్‌మేకర్ పెట్టాక

పేస్‌మేకర్ పెడితే పంపింగ్ పెరుగుతుందా?

మామూలు పేస్‌మేకర్ కరెంటు లోటు తీరుస్తుంది, కండరానికి కొత్త బలం ఇవ్వదు. దెబ్బ రావలసిన సమయానికి రాకపోతే చిన్న కరెంటు ఇస్తుంది. ఒంటి లోపల అమర్చిన తొలి పేస్‌మేకర్ 1958లో స్వీడన్‌లో ఆర్నే లార్సన్‌కు పెట్టారు. అది కొన్ని గంటలే పనిచేసింది. తర్వాత ఎన్నో పరికరాలు మార్చుకుంటూ ఆయన 2001 దాకా, 86 ఏళ్ళ వయసు వరకు బతికారు.

ఫోను, ఇండక్షన్ స్టవ్, గుడి దగ్గర మెటల్ డిటెక్టర్ వల్ల ఇబ్బందా?

ఫోను పరికరానికి జానెడు దూరంలో ఉంచండి, చొక్కా పైజేబులో వద్దు, అవతలి చెవికి పెట్టుకుని మాట్లాడండి. ఇండక్షన్ స్టవ్‌కు రెండడుగుల దూరం పాటించండి. మెటల్ డిటెక్టర్ ద్వారంలో నిలబడకుండా నడిచి వెళ్ళిపోవచ్చు, పేస్‌మేకర్‌తో ఇచ్చిన కార్డు మాత్రం చూపించండి. ఎమ్మారై తీసే ముందు పరికరం రకం చెప్పాలి, కొన్నిటికి కుదురుతుంది, కొన్నిటికి కుదరదు.

మనిషి పోయాక దహనానికి ముందు పేస్‌మేకర్ తీయించాలా?

తీయించాలి. మంటలో బ్యాటరీ పేలుతుంది, దగ్గర నిలబడ్డవాళ్ళకు ప్రమాదం. ఆసుపత్రిలో పోతే అక్కడి సిబ్బందికి చెబితే కొద్ది నిమిషాల్లో తీసేస్తారు. ఇంట్లో పోతే దగ్గరలోని డాక్టరును పిలిపించండి. షాక్ ఇచ్చే ఐసీడీ రకమైతే ముందు దాన్ని ఆఫ్ చేయించాలి, లేకపోతే తీసేవాళ్ళకు షాక్ తగలవచ్చు. పరికరం కార్డు ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా తెలిసేలా ఉంచండి.